రూటింగ్ హార్మోన్ పొడి: ఏ కొమ్మకు కొనాలి, ఏ కొమ్మకు దండగ

తీర్పు ముందే చెప్పేస్తాం. మీకు కావలసింది నందివర్ధనం, గన్నేరు, నాటు ఎర్ర మందారం, మల్లె, కనకాంబరం అయితే, కోసి గుచ్చిన కొమ్మకు వేళ్లు రప్పించే ఈ పొడి డబ్బా జోలికి వెళ్లకండి. వాటికి వేళ్లు రావడానికి పొడి అక్కర్లేదు. కాగితం పూలు, నూరువరహాలు, గంధరాజం, హైబ్రిడ్ మందారం కొమ్మలు ఎన్నిసార్లు గుచ్చినా ఎండిపోతున్నాయంటే మాత్రం ఒక చిన్న డబ్బా కొనుక్కోవచ్చు. కొనేముందు డబ్బాను వెనక్కి తిప్పి చదవండి. మోసాలన్నీ ముందువైపు బొమ్మలో ఉంటాయి, నిజం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆన్‌లైన్‌లో, విత్తనాల కొట్లలో, పెద్ద నర్సరీల్లో దొరికే డబ్బా ఎక్కువగా 50 గ్రాములో 100 గ్రాములో ఉంటుంది. బ్రాండును బట్టి నూటయాభై నుంచి మూడొందల దాకా పలుకుతుంది. లోపల ఉండేది దాదాపు మొత్తం టాల్కం పొడే. అసలు మందు అందులో వెయ్యోవంతు లెక్కల్లో ఉంటుంది. ఆ మందు పేరు ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్, పొట్టిగా ఐబీఏ. కొన్నిట్లో దానికి బదులుగానో, తోడుగానో నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్, అంటే ఎన్ఏఏ కలుపుతారు. ఇలాంటి రసాయనాలతో కొమ్మకు వేళ్లు పుట్టించవచ్చని అమెరికాలోని బాయ్స్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ 1935లో ప్రకటించారు. తొంభై ఏళ్లయినా నర్సరీల్లో ఐబీఏ స్థానాన్ని మరొకటి ఆక్రమించలేదంటే దానికి కారణం ఉంది. మొక్కలో సహజంగా ఉండే ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోన్, అంటే ఐఏఏ, వెలుతురు తగిలితే పాడవుతుంది, కొమ్మలోని ఎంజైములూ దాన్ని త్వరగా విరిచేస్తాయి. ఐబీఏ అంత తొందరగా చెడిపోదు, కోసిన చోట కొన్నాళ్లు నిలబడి పని చేస్తుంది.

ఇది ఎరువు కాదు, టానిక్కూ కాదు. బెరడుకీ కలపకీ మధ్య ఉండే పలచటి పొర దగ్గరి కణాలకు 'వేళ్లుగా మారండి' అని సంకేతం ఇవ్వడం వరకే దీని పని. ఆ వేరు తయారు కావడానికి కావలసిన చక్కెరలు కొమ్మలోనే ఉండాలి, నీళ్లు బయటి నుంచి అందాలి. ఈ రెండూ లేని కొమ్మకు పొడి ఎంత పూసినా పుల్లకు పౌడరు రాసినట్టే.

ఇక డబ్బా వెనక ఏం చూడాలి? శాతం. 0.1 శాతం ఐబీఏ లేత కొమ్మలకు, 0.3 శాతం సగం ముదిరిన కొమ్మలకు, 0.8 శాతం బాగా ముదిరి కలప కట్టిన కొమ్మలకు. నర్సరీ వ్యాపారంలో ఈ మూడు మోతాదులే ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు పొడులుగా ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) లెక్కలో రాస్తే 0.3 శాతం అంటే 3000 పీపీఎం, గ్రాము పొడిలో 3 మిల్లీగ్రాముల మందు. ఇంటి తోటకు ఒక్క డబ్బాయే కొనేట్టయితే 0.3 కొనండి. పూల పొదలన్నీ ఇంచుమించు దాంతో సరిపెట్టుకోవచ్చు. 50 గ్రాములే తీసుకోండి, కొన్ని వందల కొమ్మలకు వస్తుంది. పెద్ద డబ్బా చవక అనిపిస్తుంది కానీ అది అయిపోయేలోగా మందు చచ్చిపోతుంది.

శాతం రాయని డబ్బా కొనవద్దు. ఎంత పెద్ద పేరున్న కంపెనీదైనా, ఎన్ని నక్షత్రాలున్నా వద్దు. 'వందశాతం సేంద్రియం', 'సముద్రపు నాచు సారం', 'హ్యూమిక్ యాసిడ్', 'మైకోరైజా' అని మాత్రమే రాసి ఉన్న రూట్ బూస్టర్లు వేరే జాతి సరుకు. మైకోరైజా అనేది వేరులోకి చేరి బతికే బూజు. వేరే లేని కొమ్మలో దానికి చోటెక్కడ? నాచు సారం, హ్యూమిక్ వేళ్లొచ్చిన మొక్కకు ఇస్తే పరవాలేదు. అవి చెడ్డవని కాదు, ఈ పనికి కావు. అమ్మేవాళ్లు మాత్రం రెండిటికీ ఒకే బొమ్మ వేస్తారు: చేతిలో కొమ్మ, దానికి గుబురు వేళ్లు.

ఈ పొడుల కింద కొనుగోలుదారులు రాసే అభిప్రాయాలు చదివితే ఒక వింత కనిపిస్తుంది. ఒకే డబ్బాకు ఒకరు ఐదు నక్షత్రాలిచ్చి 'అన్నీ బతికాయి' అంటారు, పక్కనే ఇంకొకరు ఒక్క నక్షత్రమిచ్చి 'అన్నీ ఎండిపోయాయి' అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే వాళ్లు మార్కులు వేసింది పొడికి కాదు, తమ ఊరి గాలిలోని తేమకు. గోదావరి కాలువల పక్కన కడియం, కడియపులంకల్లో ఆగస్టులో గుచ్చిన కొమ్మకూ, అదే నెలలో అనంతపురంలో మేడమీద గుచ్చిన కొమ్మకూ పోలికే లేదు. వేరు లేని కొమ్మ నీళ్లు తాగలేదు, కానీ ఆకులు నీళ్లు వదులుతూనే ఉంటాయి. మొదటి రెండు మూడు వారాలు ఆ నష్టాన్ని ఆపగలిగితే కొమ్మ బతుకుతుంది. నర్సరీవాళ్లు మిస్ట్ ఛాంబర్లు, అంటే మంచులా నీటి తుంపర చల్లే గదులు, కట్టుకునేది ఇందుకే. కాబట్టి పొడికి మూడొందలు పెట్టి, పైన మూత పెట్టని వాళ్లకంటే, పొడి లేకుండా పాలిథిన్ కవరు కప్పినవాళ్లకే ఎక్కువ మొక్కలొస్తాయి.

అందుకని పొడి గురించి మాట్లాడే ముందు మిగతా ఏర్పాటు సరిగ్గా ఉండాలి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, ఇసుక లేదా పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) ఒక పాలు. చవక కోకోపీట్ ఇటుకల్లో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, ఇలా రెండు మూడుసార్లు కడగాలి. ఏటి ఇసుక దొరకడం ఇప్పుడు కష్టం, రోబో ఇసుక వాడొచ్చు గానీ అందులోని రాతి పిండి నీటిని కదలనీయదు. బకెట్లో పోసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వాడండి. నల్లరేగడి మట్టి వద్దు. వర్మీ కంపోస్టు వద్దు, పశువుల ఎరువు అసలే వద్దు. కొమ్మకు ఈ దశలో తిండి అవసరం లేదు, ఎరువుతో వచ్చేది బూజు, చిన్న ఈగలు. కలిపిన మిశ్రమాన్ని గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కట్టిందంటే నీళ్లెక్కువైనట్టు.

కొమ్మను ఉదయం ఎండెక్కకముందే కోయాలి. పూలతో, మొగ్గలతో ఉన్న కొమ్మ కన్నా పూయని కొమ్మ మేలు. అలాంటిది దొరక్కపోతే మొగ్గలన్నీ తుంచేయండి. 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, కనీసం మూడు కణుపులు. కింది కోత కణుపుకు నాలుగైదు మిల్లీమీటర్ల దిగువన, పైకోత కణుపుకు సెంటీమీటరు ఎగువన. ఆకులు లేని కొమ్మను తలకిందులుగా గుచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, కింది కోతను ఏటవాలుగా, పైది అడ్డంగా కోస్తే ఆ గందరగోళం ఉండదు. పైన రెండాకులు ఉంచి, పెద్దవైతే వాటినీ సగానికి కత్తిరించాలి. ఆకులన్నీ దూసేసి నున్నటి పుల్ల గుచ్చడం మనవాళ్ల అలవాటు. అది ముదురు కొమ్మలకు చెల్లుతుంది. సగం ముదిరిన కొమ్మకు ఆ రెండాకులే చక్కెర, వాటి నుంచే సహజ ఆక్సిన్ కిందికి దిగుతుంది.

ఇప్పుడు పొడి. చిన్న కాగితం ముక్క మీదో, సీసా మూతలోనో చిటికెడు వేసుకోండి. డబ్బాలో కొమ్మను నేరుగా ముంచకండి. తడి, కొమ్మ మీది బూజు లోపలికి వెళ్లి మొత్తం పాడవుతుంది. మిగిలిన చిటికెడు కూడా తిరిగి డబ్బాలో పోయకూడదు, పారేయాలి. కొమ్మ అడుగు చెమ్మగా ఉండాలి, నీళ్లు కారకూడదు. నీళ్లలో ముంచి ఒకసారి విదిలిస్తే సరిపోతుంది. అడుగు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు మేర పొడిలో అద్ది, వేలితో కొమ్మను రెండుసార్లు తట్టండి. కోత మీద పలచటి తెల్లటి పూత, అంచున సన్నటి గీతలా కనిపించాలి. గడ్డలుగా అంటుకుంటే ఎక్కువైనట్టే. తర్వాత కొమ్మను నేరుగా మిశ్రమంలోకి గుచ్చకండి, పొడంతా పైనే రాలిపోతుంది. పుల్లతోనో పాత పెన్నుతోనో కొమ్మకంటే కాస్త వెడల్పుగా రంధ్రం చేసి, అందులో దింపి, చుట్టూ వేళ్లతో అదమాలి. కనీసం ఒక కణుపు లోపలుండాలి, రెండుంటే ఇంకా మంచిది.

ఎక్కువ పూస్తే ఎక్కువ వేళ్లు రావు. మోతాదు మించితే అడుగు ఉబ్బి, నల్లబడి కుళ్లుతుంది. ఒకవేళ వేరు వచ్చినా పైన చిగురు వారాల తరబడి కదలదు, ఎందుకంటే ఆక్సిన్ ఎక్కువైతే పక్క మొగ్గలను అణిచిపెడుతుంది. 0.8 పొడిని లేత గంధరాజం కొమ్మకు పూసి 'పొడి నకిలీది' అని తిట్టుకునేవాళ్లున్నారు. అక్కడ పొడి మరీ బాగా పనిచేసింది, అదే ఇబ్బంది.

రెండు లీటర్ల నీళ్ల సీసా అడుగు కోసి కుండీ మీద బోర్లిస్తే చవకైన గ్రీన్‌హౌస్. లోపలి గోడకు సన్నటి చెమ్మ పట్టి ఉన్నంతకాలం నీళ్లు పోయనక్కర్లేదు. దీన్ని ఎండలో పెడితే మధ్యాహ్నానికి కొమ్మలు ఉడికిపోతాయి. ఉత్తరం వైపు గోడ పక్కనో, పెద్ద చెట్టు కిందనో, 50 శాతం షేడ్‌నెట్ కిందనో పెట్టండి. కాలం విషయంలో మొండికి పోవద్దు. జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర దాదాపు అన్ని పూల పొదలకూ అనువు. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో, రాయలసీమలో కొమ్మలు గుచ్చడం డబ్బు దండగ, పొడి దండగ.

ఇక ఏ మొక్కకు ఈ పొడి ఎంత విలువ చేస్తుందో చూద్దాం.

కాగితం పూలు. ఈ డబ్బా కొనడానికి సరైన కారణం ఏదైనా ఉందంటే ఇదే. మామూలు మెజంటా రంగు రకం వర్షాకాలంలో పొడి లేకుండానే కొంతవరకు వస్తుంది. ముద్దగా పూసే మహారా రకాలు, ఆకుల మీద తెలుపు పసుపు మచ్చలుండే రకాలు మాత్రం మొండివి. ఒకే చెట్టుకు తెల్లవి, గులాబి రంగువి కలిసి పూసే మేరీ పామర్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. పెన్సిల్ మందం, బూడిద రంగు తిరిగిన బెరడు, 15 నుంచి 20 సెంటీమీటర్లు, 0.3 పొడి. మహారాలకు 0.8 వాడినా తప్పులేదు. ఫిబ్రవరిలోనూ, వానలు మొదలయ్యాకా గుచ్చవచ్చు. రెండో వారంలో ఆకులన్నీ రాలిపోతే కంగారు పడకండి. గోటితో బెరడు కాస్త గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. దీని వేళ్లు తెల్లటి దారాల్లా ఉండి, ముట్టుకుంటే పుటుక్కున తెగుతాయి. ట్రేలో గుంపుగా గుచ్చి, వేళ్లొచ్చాక పెకలించి విడి కవర్లలో నాటితే సగానికి సగం అక్కడే చస్తాయి. అందుకే మొదటే ఒక్కో కొమ్మను ఒక్కో చిన్న పాలీబ్యాగులో గుచ్చాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత కవరు అడుగు రంధ్రంలోంచి వేరు బయటికి తొంగిచూసేదాకా కదపకూడదు. మార్చేటప్పుడు కవరును బ్లేడుతో నిలువునా కోసి, మట్టిగడ్డ విరక్కుండా కుండీలో దించాలి.

నూరువరహాలు. పొడి తేడా స్పష్టంగా చూపించే రెండో మొక్క. సగం ముదిరిన కొమ్మ, 10 నుంచి 12 సెంటీమీటర్లు, 0.3 పొడి, పైన మూత తప్పనిసరి. ఓపిక కావాలి, ఎనిమిది వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. చాలా ఊళ్లలో బోరు నీళ్లు సున్నంతో నిండి ఉంటాయి. ఆ నీళ్లు పోస్తూ పోతే వేళ్లొచ్చిన కొమ్మ కూడా పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది హార్మోన్ లోపం కాదు, ఇనుము అందకపోవడం. పట్టి ఉంచిన వాన నీళ్లు వాడితే ఆ బాధ ఉండదు. గంధరాజానికీ అంతే, దానికి ఆమ్లగుణం ఇంకా ఎక్కువ కావాలి. గంధరాజం కొస కొమ్మలకు 0.1 చాలు, 0.3 ఉంటే మరీ పలచగా అద్దండి.

హైబ్రిడ్ మందారం దగ్గర మా సలహా కాస్త తిరగబడుతుంది. పళ్లెమంత పూలు పూసే రకాల కొమ్మల్లో జిగురు ఎక్కువ, మధ్య బెండు మెత్తన. పొడి పూసినా అడుగు నుంచి కుళ్లేవే ఎక్కువ. వీటిని కొమ్మలుగా గుచ్చే బదులు గాలి అంటు (చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేళ్లు రప్పించడం, పద్ధతి కింద చెప్పాం) కట్టండి, లేదా నాటు మందారం మీద అంటు వేయండి. నాటు ఎర్ర మందారానికి పొడితో పనే లేదు, వానాకాలంలో నాలుగు వారాల్లో వేళ్లు పోస్తుంది. మందారం ఏదైనా సరే, గుచ్చేముందు కణుపుల సందుల్లో పిండినల్లి ఉందేమో భూతద్దం పెట్టినట్టు చూడండి. మూత కింద వెచ్చగా, తేమగా ఉన్న చోటు మీ కొమ్మకంటే దానికే ఎక్కువ నచ్చుతుంది.

గులాబి కోసమే ఈ డబ్బా కొంటున్నారా? ఒక్కక్షణం ఆగండి. నర్సరీలో కొన్న హైబ్రిడ్ గులాబి సొంత వేళ్ల మీద నిలబడ్డది కాదు. అడవి గులాబి జాతి వేరుమూలం మీద కన్ను అంటించి పెంచింది. దాని కొమ్మకు 0.3 పొడితో వేళ్లు తెప్పించవచ్చు, వస్తాయి కూడా, కానీ చాలా రకాలు సొంత వేళ్ల మీద బలహీనంగా, పొట్టిగా ఉండిపోతాయి. ఇంకో తిరకాసు ఉంది. అంటు కట్టిన ముడి కిందినుంచి ఏపుగా లేచిన కొమ్మ చూడ్డానికి ఎంతో బలంగా ఉంటుంది, చక్కగా వేళ్లూ పోస్తుంది. ఏడాది తర్వాత పూస్తే ఆ పువ్వు మీ చెట్టుది కాదు, వేరుమూలానిది. ముడికి పైనుంచి మాత్రమే కోయండి. నాటు గులాబి, ఎడ్వర్డ్ గులాబి, చిట్టి గులాబిలకు ఈ బాధ లేదు. నవంబరు నుంచి జనవరి దాకా కత్తిరింపుల్లో వచ్చిన పెన్సిల్ మందం కొమ్మలకు కొంచెం పొడి అద్దితే బాగా వస్తాయి.

మల్లెకు దండగ. రెండు మూడు కణుపుల కొమ్మను తడి ఇసుకలో గుచ్చితే చాలు. జాజి తీగకు కొమ్మకంటే నేల అంటు తేలిక. తీగను వంచి, ఒక కణుపు దగ్గర బెరడు కాస్త గీరి, మట్టి కప్పి, రాయి బరువు పెడితే తల్లి మొక్కే దాన్ని పోషిస్తుంది.

కనకాంబరం సంగతి వేరు. ఢిల్లీ కనకాంబరం ట్రిప్లాయిడ్, అంటే కణంలో క్రోమోజోములు రెండు జట్లకు బదులు మూడు జట్లు ఉన్న రకం, దానికి విత్తనం కట్టదు. ఆ రకం కావాలంటే కొమ్మే గతి. 8 నుంచి 10 సెంటీమీటర్ల కొస కొమ్మలు 98 గళ్ల ప్రోట్రేలో (నారు పెంచే ప్లాస్టిక్ పళ్లెంలో) గుచ్చితే పొడి లేకుండానే వస్తాయి. రైతులు వందల సంఖ్యలో వేసేటప్పుడు అన్నీ ఒక్కసారి చేతికి రావాలి కాబట్టి 0.1 పొడి అద్దుతారు, అక్కడ దానికి అర్థముంది. పెరట్లో పది మొక్కలకు అవసరం లేదు. కనకాంబరానికి నులిపురుగుల బెడద ఎక్కువ, అందుకే పాత మడి మట్టి వాడకుండా శుభ్రమైన కోకోపీట్‌లోనే పెంచాలి.

నందివర్ధనం, గన్నేరు పాలు కారే మొక్కలు. కోసిన అడుగును నీళ్లలో కాసేపు ఉంచి పాలు ఆగాక గుచ్చాలి. పాల మీద పూసిన పొడి ముద్ద కట్టి ఊడిపోతుంది. గన్నేరు మొక్కంతా విషమే. చేతికి తొడుగు వేసుకోండి, కత్తెర, చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలు, పశువులు తిరిగే చోట ముక్కలు వదలకండి. దేవగన్నేరు కొమ్మను కోశాక ఐదు నుంచి ఏడు రోజులు నీడలో ఆరబెట్టి, కోత గట్టిపడ్డాకే నాటాలి. దానికి మూత కూడా పెట్టకండి.

గుచ్చాక ఏం జరుగుతోందో పసిగట్టడం ఇంకో విద్య. కొత్త చిగురు కనబడగానే సంబరపడి కొమ్మను లాగి చూస్తారు. కొమ్మలో దాచుకున్న చక్కెరతో వేరు లేకుండానే చిగురు రావచ్చు, పది రోజులకు వాడిపోతుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసుకు అడుగున రంధ్రాలు పెట్టి వాడితే, వేరు గోడకు తగిలినప్పుడు కళ్లకే కనిపిస్తుంది. వెలుతురు పడకుండా ఆ గ్లాసును ఇంకో రంగు గ్లాసులో దించి ఉంచాలి. అడుగు నల్లగా, మెత్తగా మారి పైకి పాకుతుంటే కుళ్లు. దానికి కారణం నీళ్లెక్కువ కావడమో, కత్తెర మురికో, కొమ్మ మరీ లేతదో, పొడి ఎక్కువో. బూజు పట్టే అలవాటున్న చోట గుచ్చేముందు కొమ్మలను కార్బెండజిమ్ అనే బూజు మందు లీటరుకు 1 గ్రాము కలిపిన నీళ్లలో పది నిమిషాలు ఉంచి, ఆరాక పొడి అద్దండి. అడుగున తెల్లటి గడ్డ కట్టి వేళ్లు రాకుండా ఆగిపోతే, ఆ గడ్డను బ్లేడుతో పలచగా చెక్కి, మళ్లీ పొడి అద్ది గుచ్చవచ్చు. వేళ్లొచ్చాక మూతను ఒక్కసారిగా తీసేయకండి. మొదట సీసా బిరడా తీయండి, రెండు రోజుల తర్వాత సాయంత్రాలు సీసా ఎత్తండి, వారానికి పూర్తిగా తీయండి.

పొడి కాకుండా జెల్ కూడా వస్తోంది. రెట్టింపు ధర, కానీ కొమ్మకు చక్కగా అతుక్కుంటుంది, గుచ్చేటప్పుడు రాలిపోదు. లేత కొమ్మలకు మేలే. మన ఎండలకు మూత తెరిచిన సీసా తొందరగా పలచబడుతుంది, అందుకే పది పదిహేను కొమ్మల కోసం జెల్ కొనడం మాకు సబబుగా తోచదు. ద్రావణం నర్సరీవాళ్ల సరుకు. ప్రయోగశాల రసాయనాల దుకాణంలో దొరికే ఐబీఏ 1 గ్రామును సగం ఆల్కహాల్, సగం నీళ్లు కలిపిన లీటరు ద్రవంలో కరిగిస్తే 1000 పీపీఎం. ఐబీఏ ఉత్త నీళ్లలో కరగదు, ముందు ఆల్కహాల్‌లో కరిగించాకే నీళ్లు పోయాలి. అందులో కొమ్మను ఐదు నుంచి పది సెకన్లు ముంచి తీస్తారు. మందు అన్ని కొమ్మలకూ సమంగా పడుతుంది, అందుకే వందల్లో చేసేవాళ్లు దీన్నే ఇష్టపడతారు. పది కొమ్మలకు ఈ తతంగం ఎందుకు?

ప్లానోఫిక్స్ కూడా వేళ్ల మందేనా అని చాలామంది అడుగుతారు. అది 4.5 శాతం ఎన్ఏఏ, పూత, పిందె రాలకుండా చల్లడానికి అమ్మేది. సీసాలోది 45,000 పీపీఎం బలం. కొమ్మను అందులో నేరుగా ముంచితే మాడిపోతుంది. 1 మి.లీ. మందుకు నీళ్లు కలిపి మొత్తం 45 మి.లీ. చేస్తే 1000 పీపీఎం అవుతుంది. ఇంట్లో ఇప్పటికే ఉంటే అలా వాడుకోవచ్చు, దీనికోసమే కొనడం మాత్రం అనవసరం.

వంటింటి చిట్కాల మాటకొస్తే, దాల్చినచెక్క పొడి, పసుపు బూజును కొంత ఆపుతాయి, వేరు పుట్టించవు. తేనెలో హార్మోన్ లేదు, చీమలు మాత్రం వస్తాయి. కలబంద గుజ్జు కోతను తడిగా ఉంచుతుంది, తేలిగ్గా వేళ్లొచ్చే కొమ్మకు అదీ చాలు, మహారా కాగితం పూలను ఒప్పించలేదు. కొబ్బరి నీళ్లు టిష్యూ కల్చర్ ప్రయోగశాలల్లో వాడిన మాట నిజమే, కానీ అందులో ఎక్కువగా పనిచేసేవి చిగుళ్లను ప్రేరేపించే సైటోకైనిన్లు. వేరు కావలసిన చోట అవి అడ్డు కూడా పడవచ్చు. చక్కెర వల్ల బూజు అదనం.

కొన్న పొడిని బాగా రాబట్టుకునేది గాలి అంటులోనే అని మా అభిప్రాయం. హైబ్రిడ్ మందారం, ముద్ద కాగితం పూలు, పెద్ద నూరువరహాల చెట్టు దీనికి తగినవి. పెన్సిల్ మందం కొమ్మ మీద రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచి, కింద జారుగా ఉండే పొరను కత్తి వెనకతో గీకేయాలి. అది మిగిలితే బెరడు మళ్లీ కలిసిపోతుంది. పొడిని ఉంగరం పై అంచునే అద్దాలి. ఆకుల నుంచి బెరడు గుండా దిగే చక్కెర, ఆక్సిన్ అక్కడే ఆగి పోగవుతాయి కాబట్టి వేళ్లు పుట్టేది ఆ అంచు నుంచే. నానబెట్టి పిండిన స్ఫాగ్నమ్ నాచు (నర్సరీవాళ్లు వాడే ఎండు నాచు) గానీ కోకోపీట్ గానీ గుప్పెడు చుట్టి, పాలిథిన్‌తో మూసి, రెండు చివరలూ బిగించి కట్టండి. మందారానికి ఆరు వారాల లోపే కవరులోంచి వేళ్లు కనిపిస్తాయి. ఇదే పనికి ఇప్పుడు బంతుల్లాంటి ప్లాస్టిక్ డబ్బీలు అమ్ముతున్నారు. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, కట్టడం తేలిక. లావు కొమ్మకు మెడ దగ్గర పట్టవు, సన్న కొమ్మకు ఖాళీ మిగిలి తడి ఆరిపోతుంది. చిన్నది కాకుండా మధ్య సైజు కొని, ఖాళీ దగ్గర టేపు చుట్టండి.

డబ్బా తెరిచాక మూత బిగించి, గాలి చొరని కవరులో పెట్టి, ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి. పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టాలి. బయటకు తీసిన వెంటనే తెరవొద్దు, చల్లటి డబ్బాలో చెమ్మ చేరుతుంది. అరగంట ఆగి తెరవండి. ఉండలు కట్టిన పొడి, తయారీ తేదీ లేని పొడి, కొట్టు ముందు ఎండలో వరసగా పేర్చిన పొడి, ఈ మూడూ వద్దు. పాతది ఇంకా పనిచేస్తోందో లేదో తెలియాలంటే నాటు మందారం మీద పరీక్షించకండి, అది ఎలాగూ వస్తుంది. ఒకే కాగితం పూల చెట్టు కొమ్మల్లో సగానికి పొడి అద్ది, సగానికి అద్దకుండా పక్కపక్కనే గుచ్చి, ఎనిమిది వారాల తర్వాత వేళ్లు లెక్కపెట్టండి.